అప్పుడే మింగకండి

మీరే చేశారు ఇదంతా. పక్కకి చూడకండి, మీ వెనక ఎవరూ లేరు. తిండివేళ మిషన్లు ఆపితే కొంప మునుగుతుందని తేల్చింది మీరు. అందరూ కలిసి కూర్చుని తినే అరగంటని గుటుక్కున మింగేసింది మీరు. ఆ త్రేన్పు చల్లారకముందే ‘తొందరపడి తినకండి, ఆరోగ్యం పాడవుతుంది’ అని గోడకి బొమ్మ అంటించింది కూడా మీరే. మనిషిని కుక్కల్ని పెట్టి తరిమిస్తూ, ఆయాసపడకమ్మా, గుండెకి మంచిది కాదు అన్నట్టుంది మీ యవ్వారం. ఈ మాటలన్నీ కాలరు వదిన నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకంటే ఆ నాలుక మీద అప్పటికే ఒక ఎండుద్రాక్ష ఉంది. దాన్ని మింగడానికి ఆమెకి ఇంకా అనుమతి రాలేదు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. పొడుగ్గా మిషన్ల వరుస, ఒక మూల అద్దాల గోడ వెనక క్యాంటీను. తినేవాళ్ళకి పని కనబడాలి, పనిచేసేవాళ్ళకి తిండి కనబడాలి, ఎవరికీ మనశ్శాంతి ఉండకూడదు, అదీ ఆ అద్దం పెట్టినవాడి తెలివి. ఒకప్పుడు తిండివేళ మిషన్లన్నీ ఆగేవి. ఇప్పుడు వరుస ఆగదు. ఒక్కొక్కరే లేచి వెళ్ళి తిని రావాలి, లేచినవాళ్ళ కుర్చీలో బదులక్క కూర్చుంటుంది. జేబులు కుట్టే మనిషి లేస్తే జేబులు కుడుతుంది, చేతులు అతికే మనిషి లేస్తే చేతులు అతుకుతుంది. అందరి పనీ వచ్చు కాబట్టే ఆవిడకి సొంత కుర్చీ లేదు. చివరగా కాలర్లు కుట్టే ఈ వదిన తింటుంది, వదిన తిని వచ్చాక బదులక్క తింటుంది. ఒకరి నోట్లో ఆగిన ముద్ద వెనకవాళ్ళ కడుపులో మంట అని అందరికీ తెలుసు గనక అందరూ మింగుతారు, ఎవరూ నమలరు. పైగా బదులక్కకి షుగరు. కాలరు వదిన టిఫిన్ డబ్బా పట్టుకుని లేవగానే సంచిలోంచి గోళీ తీసి నీళ్ళు కూడా లేకుండా గొంతులో వేసుకుంటుంది. ‘నువ్వు లేవడమే నా గడియారం వదినా’ అంటుంది. గోళీ పడ్డాక కాసేపట్లో అన్నం పడాలి, పడకపోతే ఆ గోళీ మనిషినే తినడం మొదలుపెడుతుంది. ఇవాళ కూడా వదిన లేచింది, బదులక్క గోళీ వేసుకుంది. ఈ ఎండుద్రాక్ష సంగతి మాత్రం ఇద్దరికీ ఎవరూ ముందుగా చెప్పి చావలేదు.

‘దాన్ని నాలుకతో పలకరించండి’ అంటున్నాడు ఎదురుగా కూర్చున్నాయన. శ్రద్ధగా తినడం ఎలాగో నేర్పడానికి ఫ్యాక్టరీ పిలిపించిన గురువు. వచ్చి గంట కాకముందే వరుసలో ఆయనకి నమిలే సారు అని పేరు పడిపోయింది. ఆయన పక్కన ఆఫీసు మేడం, ఎవరి జీతం కోసినా నవ్వు చెదరని మనిషి, అందుకే నవ్వుల మేడం. వాళ్ళ వెనక చొక్కాలు కొనే కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు, ఒకాయన చేతిలో కెమెరా. తమ చొక్కాలు కుట్టేవాళ్ళు ఎంత ప్రశాంతంగా తింటారో కెమెరాలో తీసుకెళ్ళి వాళ్ళ ఊళ్ళో చూపించుకుంటారట. ఎవరిని కూర్చోబెడదాం అంటే, చివర తినేది కాలరమ్మాయే కదా, ఆమెని కూర్చోబెడితే వరుస చెదరదు అంది నవ్వుల మేడం. నిజం చెప్పొద్దూ, కెమెరా అనగానే వదిన జుట్టు సర్దుకుంది. ఆ సర్దుకున్న చేతిని ఇప్పుడు నరికి పారేయాలనిపిస్తోంది.

నాలుకతో పలకరించాలట, ఏమని పలకరించాలి, బాగున్నావా ద్రాక్షా, ఇంట్లో అందరూ కులాసానా. ముందేమో దీన్ని అరచేతిలో పెట్టుకుని చూడమన్నాడు, చూసింది. ముడతలు చూడండి, ప్రతి ముడతలోనూ ఎండ దాక్కుని ఉంది అన్నాడు. చూడగా చూడగా ఆ ముడతలు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి, ఎక్కడబ్బా, ఎక్కడబ్బా అనుకుని, ఆ, అత్తగారి మోచెయ్యి. అచ్చం అదే రంగు, అవే మడతలు, కూర్చుని కూర్చుని బల్లకి ఆనించీ ఆనించీ అరిగిన మోచెయ్యి. అది తట్టిన తర్వాత దాన్ని నోట్లో పెట్టుకోమన్నాడు. వదిన పెట్టుకుంది. అప్పట్నుంచీ నోట్లో అత్తగారి మోచెయ్యి ఉంది, తియ్యగానే ఉంది, అదే వింత, ఆవిడ బతికుండగా ఒక్క తియ్యటి మాట అనలేదు. ‘తిండి ముందు కూర్చుని ఆలోచించేవాళ్ళని తిండే తింటుంది’ అనేది. ఆవిడ ఇప్పుడుంటే నమిలే సారుని తువ్వాలు చుట్టి వీధిలో నిలబెట్టేది. వదినా అన్న పేరు కూడా ఆ ఇంటిదే, ఆడబిడ్డ ఇదే వరుసలో గుండీలు కుడుతూ వదినా వదినా అని పిలిస్తే అందరికీ అదే అలవాటయింది. ఆడబిడ్డ పని మానేసి వెళ్ళిపోయింది, వదిన మిగిలిపోయింది. అందరికీ వదినే, ఎగతాళి చేయడానికి హక్కున్న చుట్టరికం.

‘ఇప్పుడు నెమ్మదిగా, ఒకే ఒక్కసారి కొరకండి’ అన్నాడు సారు. కొరికింది. ఆగమన్నాడు. ఆగలేదు. దవడ గడగడా పోతూనే ఉంది, కుట్టు వేసినట్టు చిన్న చిన్న పోట్లు, టకటకటక. ఇదేమిటమ్మా అన్నట్టు ఆయన చూస్తుంటే వదినకీ సిగ్గేసింది, తన దవడ తన మాట వినకపోవడమేమిటి అని, అప్పుడు తెలిసింది, బల్ల కింద కుడికాలు. కాలు ముందుకి నొక్కి పెట్టి ఉంది. చెప్పు కింద నేల తప్ప ఏమీ లేదు, అయినా మిషన్ పెడల్ తొక్కినట్టు తొక్కుతోంది, అది తొక్కినంతసేపూ దవడ నడుస్తోంది. ఎన్నేళ్ళనుంచి ఇలా తింటోందో ఏమో. మడమ వెనక్కి ఆనించి చూసింది, మిషన్ పెడల్‌ని అలా వెనక్కి నొక్కితే దారం తెగుతుంది, సూది పైకి లేచి ఆగుతుంది. దవడ ఠక్కున ఆగింది, నోరు కాస్త తెరుచుకుంది కూడా. ‘అద్భుతం’ అన్నాడు సారు. కెమెరా దగ్గరికొచ్చింది. వదినకి నవ్వొచ్చింది, నవ్వితే ద్రాక్ష బయట పడుతుంది, ఆపుకుంటే ముక్కులోంచి వస్తుంది. ఎదుట నవ్వుల మేడం నవ్వుతోంది, ఆవిడకి నోట్లో ఏమీ లేదు, హాయి.

ముక్కులోంచి తిండి రావడం వదిన పుట్టింట్లో అందరికీ అలవాటే, అమ్మ తిండి పెట్టే తీరు అలాంటిది. అయిదుగురు పిల్లలకి ఒకటే గిన్నె. గిన్నె మధ్యలో పెట్టి, చేతులు కడుక్కున్నారా అని అడిగి, జవాబు వచ్చేలోపు అమ్మ పక్కకి తప్పుకునేది, తొక్కిసలాటలో పడతానని. పెద్దన్నయ్యకి నమలడమంటే ఏమిటో తెలియదు, వాడి గొంతులో ముద్ద దిగడం బయటినుంచి కనబడేది, పాము ఎలకని మింగినట్టు. మెల్లగా తిన్నవాడికి గిన్నె అడుగు. అదే ఆ ఇంటి చదువు, అదే పరీక్ష, రోజుకి రెండుసార్లు. ఇవాళ పెద్దన్నయ్య కడుపు పట్టుకుని డాక్టరు దగ్గర కూర్చుంటే ఆయనేమో నెమ్మదిగా నమిలి తినవయ్యా అన్నాడట. ‘మా చెల్లెళ్ళు ఇంకా గిన్నె చుట్టూనే ఉన్నారనిపిస్తుంది డాక్టరుగారూ’ అన్నాడట వీడు. నవ్వే ముచ్చటే, కానీ వదిన ఎన్నిసార్లు తల్చుకున్నా చివర్లో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ గిన్నె చుట్టూ చేరినప్పుడు అమ్మ తినేదా. అమ్మ తింటుండగా చూసిన జ్ఞాపకం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, వెతికినా దొరకదు. అమ్మ కూడా బదులక్కే. అందరి వంతూ అయ్యాక మిగిలిన వంతు.

బదులక్క! మొహం అద్దం వైపు తిప్పబోయింది. ‘చూపు తిండి మీదే ఉండాలి’ అన్నాడు సారు. ‘సార్, ఒక్క మాట, అక్కడ మా...’ అని మొదలుపెట్టింది. ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ‘మాట వద్దమ్మా. మాట రుచిని చంపేస్తుంది.’

‘అది కాదు సార్, ఆవిడ గోళీ...’

‘అప్పుడే మింగకండి’ అన్నాడాయన, ఆమె మాట మింగాలో ద్రాక్ష మింగాలో తెలియక ద్రాక్ష మింగేసింది. నవ్వుల మేడం నవ్వు చెదరకుండానే పళ్ళ మధ్యనుంచి అంది, ‘కొనేవాళ్ళ ముందు కంప్లయింట్లు వద్దు అని చెప్పానా లేదా. ఇంకో కాసేపు ఓపిక పట్టు తల్లీ, మీ అందరి మేలు కోసమేగా.’ ఈ మేలు అనే మాట ఎక్కడ వినబడినా వదినకి జేబు తడుముకోవాలనిపిస్తుంది, ఏదో ఒకటి పోయే ఉంటుంది. పోయినసారి మేలు చేసినప్పుడు అరగంట పోయింది.

ఇప్పుడు సొంత డబ్బా తెరవమన్నారు. అదే శ్రద్ధతో తినాలట, ఒక్కో మెతుకూ మొదటిసారి చూస్తున్నట్టు. తెరిచింది. అన్నం, బంగాళాదుంప కూర. మొగుడు వండినవి. ఈమె తెల్లారేలోపు బయలుదేరుతుంది, ఆయన కార్లకి రంగు కొట్టే షెడ్డుకి పొద్దెక్కాక వెళ్తాడు, అందుకని వంట ఆయనది, అంట్లు ఈమెవి, పెళ్ళయిన కొత్తల్లో కుదిరిన ఒప్పందం, ఇంతవరకూ ఎవరూ తప్పలేదు. ఒక ముద్ద పెట్టుకుంది. మడమ వెనక్కి ఆనించి, దవడని కట్టేసి, నెమ్మదిగా, సారు చెప్పినట్టు, మొదటిసారి తిన్నట్టు తిన్నది. ఉప్పు లేదు. మర్చిపోయాడేమో, ఇంకో ముద్ద. లేదు. కారం లేదు, పులుపు లేదు, ఏమీ లేదు, తడిపిన దూది నములుతున్నట్టుంది. ఇవాళే ఇలా వండాడా, లేక. ఈ లేక అన్న మాట దగ్గర ఆమెకి చెమట పట్టింది. నిన్నటి కూర గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాదు. మొన్నటిది రాదు. కిందటేడు తిన్నది ఏదైనా, ఒక్కటి, రాదు. ఎలా వస్తుంది, నాలుక మీద ఆగితేగా. రోజూ రాత్రి ఆయన ఎలా ఉంది అని అడుగుతాడు, ఈమె బాగుంది అంటుంది. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, రంగు పీల్చీ పీల్చీ ముక్కు ఎప్పుడో చచ్చింది, గ్యాసు లీకయినా పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలి. ముక్కు లేనివాడు వండటం, నాలుక లేనిది తినడం, బాగుంది అనుకుంటూ నిద్రపోవడం. ఇంతకన్నా అన్యోన్య దాంపత్యం ఇంకెక్కడైనా ఉందా అసలు.

అయినా మూడో ముద్ద పెట్టుకుంది, కోపంతో పెట్టుకుంది, ఏమైనా దొరుకుతుందేమో చూద్దాం అని నాలుకని లోపలికి పంపింది, జప్తుకి వచ్చినవాళ్ళు ఇల్లంతా వెతికినట్టు వెతికింది. దొరికింది. దుంప ముక్క మెత్తగా ఉంది, నున్నగా ఉంది, ఒక్క గరుకు లేదు. డబ్బాలోకి చూసింది. దుంపలకి కళ్ళు లేవు. ఆ నల్లటి గుంటలుంటాయే, అవి ఒక్కటి కూడా లేదు, ఒక్కొక్కటీ కత్తి మొనతో తవ్వి తీసేశాడు, తవ్విన చోట చిన్న చిన్న దొప్పలు కనబడుతున్నాయి. పెళ్ళయిన కొత్తల్లో ఎప్పుడో, కళ్ళున్న దుంప నన్ను చూస్తున్నట్టుంటుంది, తినలేను అంది ఈమె. నవ్వుతాలుకి అంది. అని మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు, ఇన్నాళ్ళూ రోజూ చీకటితో లేచి దుంపలకి కళ్ళు తీస్తున్నాడు, ఈమె రోజూ వాటిని చూడకుండా మింగుతోంది. ఉప్పు మర్చిపోయే మనిషి అది మర్చిపోలేదు. వదినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘చూశారా, ఎమోషనల్ అయ్యారు’ అని సారు కొనేవాళ్ళతో గుసగుసగా అన్నాడు. కెమెరా ఆ నీళ్ళు పట్టుకుంది. మా కుటుంబ విషయం నీకెందుకురా అనుకుంది వదిన. కానీ సారు చెడ్డవాడు కాదు. చెప్పింది అబద్ధం కూడా కాదు. ఇంత మంచి సంగతిని ఇంత దొంగ చోట చెప్పించారే, అదీ కడుపుమంట. ఇంతలో ఎక్కడో కుర్రోమని పెద్ద చప్పుడు. అందరూ చూశారు. సారు కడుపు. పొద్దున్నుంచి ఇది మూడో ఫ్యాక్టరీ అని ఆయనే చెప్పాడు, చొక్కా మీద రాలిన బిస్కెట్ పొడి ఉంది, దారిలో కారులో ఏదో నోట్లో కుక్కుకుని వచ్చినట్టున్నాడు. ఎవరికి వాళ్ళకి ఒక వరుస ఉంటుంది కాబోలు.

తుడుచుకునే వంకతో మొహం పక్కకి తిప్పి అద్దంలోంచి చూసింది. తన మిషన్ దగ్గర బదులక్క. మామూలుగా ఆవిడ కుడుతుంటే వీపు కదలదు, ఇస్త్రీ పెట్టినట్టు కూర్చుంటుంది. ఇప్పుడు ఊగుతోంది. కుట్టిన కాలర్లు బుట్టలో పడుతున్నాయి, పైన ఉన్నదాని ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి, తప్పతాగినవాడి కాలర్ లాగా. బదులక్క చేత్తో వంకర కుట్టు. మోచేత్తో నుదురు తుడుచుకుంది, ఫ్యాను కిందే ఉంది, అయినా తుడుచుకుంది. క్యాంటీను వైపు ఒకసారి చూసింది, కోపంగా కాదు, బస్సు వస్తోందా అని రోడ్డు చివరకి చూస్తారే, అలా. పిలవదు, ఆవిడకి ఆ అలవాటే లేదు. అందరికీ బదులు కూర్చునే మనిషికి బదులు ఎవరూ లేరు, లేస్తే వరుస ఆగుతుంది, వరుస ఆగితే మేడం నవ్వు ఆగుతుంది. ‘నాలుగో ముద్ద’ అంటున్నాడు సారు. ‘ఈసారి కృతజ్ఞతతో. ఈ తిండి మీదాకా రావడానికి ఎవరెవరు కష్టపడ్డారో తల్చుకోండి.’

తల్చుకుంది. తల్చుకున్న వెంటనే లేచింది. బల్ల మధ్యలో గాజు గిన్నెలో ఎండుద్రాక్షలున్నాయి, మనిషికి ఒక్కటి చొప్పున పంచడానికి తెచ్చినవి. గిన్నె ఎత్తుకుంది. సారు ‘అమ్మా, శ్వాస’ అన్నాడు. మేడం ‘ఎక్కడికి’ అంది. వదిన అప్పటికే తలుపు దాటింది, కెమెరాకి ఏం చేయాలో తెలియక వెనకాలే వచ్చింది, అందరూ దాని వెనకాల వచ్చారు. బదులక్క పెదాలు తెల్లగా ఉన్నాయి. ఆవిడ చేతులింకా గుడ్డని సూది కిందికి తోస్తూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం ఎటో ఉన్నాయి. ‘వచ్చావా వదినా’ అంది, ‘కాలర్లు కొంచెం తాగినట్టున్నాయి, ఏమనుకోకు.’

‘నోరు తెరువు.’

గుప్పెడు ద్రాక్షలు కూరింది. బదులక్క నమలబోయింది, వదిన గడ్డం పట్టుకుంది. ‘శ్రద్ధగా కాదు అక్కా, మింగు. నమలడం రేపు నేర్చుకుందువు గానీ. మింగు ముందు.’ ఇంకో గుప్పెడు. అత్తగారి మోచేతులు ఒకదాని వెనక ఒకటి బదులక్క గొంతులోకి దిగుతుంటే, శ్రద్ధగా తినడం నేర్పడానికి వచ్చిన సారు దాన్ని కళ్ళారా చూస్తూ నిలబడ్డాడు, ఒక్కసారి కూడా ఆగండి అనలేదు. ఆయన కడుపు మాత్రం మళ్ళీ కుర్రోమంది.

మిషన్ల మోతలో ఎవరికీ ఏమీ వినబడటం లేదు. వదిన స్తంభం దగ్గరికి వెళ్ళింది. ప్రమాదమైతేనే దించండి అని రాసిన ఎర్ర మీట. దించింది. ఎన్నాళ్ళకో ఆ హాలు నిశ్శబ్దమైంది. ఎంత నిశ్శబ్దమంటే బదులక్క ద్రాక్షలు నమిలే చప్పుడు వరుస చివరిదాకా వినబడింది. ఒక్కొక్కరే తల ఎత్తారు. నవ్వుల మేడం మొహాన నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆవిడ కూడా ఆకలేసిన మనిషిలాగే ఉంది.

‘ఏం ప్రమాదం జరిగిందని దించావు’ అంది మేడం.

‘కనబడటం లేదా’ అని బదులక్క వైపు చూపించింది. మొగుడు వండిన డబ్బా తెచ్చి బదులక్క ఒళ్ళో పెట్టింది. బదులక్క ఒక ముద్ద తిని, మొహమాటపడుతూ అంది, ‘వదినా, ఉప్పు లేదేం.’

‘తెలుసులే. దుంపలు చూడు, కళ్ళు లేవు. మెల్లగా తిను, ఇప్పుడు నీ వెనక ఎవరూ లేరు.’ వదిన స్తంభానికి వీపు ఆనించి, మీటని తన వెనక దాచుకుని మేడం వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయనక్కర్లేదు, ఆ నిశ్శబ్దంలో మామూలు మాటే చాలు. ‘వినండి. మా అరగంట మాకు ఇచ్చేయండి. రేపు కాదు, మీటింగు పెట్టి కాదు, ఇప్పుడు, ఇక్కడే. రోజూ ఈ మీట దిగాలి, అందరం కలిసి తిన్నాకే లేవాలి. అప్పటిదాకా దీన్ని నేను ఎత్తను, ఎవర్నీ ఎత్తనివ్వను. కెమెరా ఆపకండి, ఇది కూడా తీసుకెళ్ళి చూపించండి. ఆ గోడ మీది బొమ్మ పీకేయండి. సారూ, మీరూ వచ్చి కూర్చోండి, మీదీ ఖాళీ కడుపే. జేబులక్కా, నీ డబ్బాలో మిగిలింది విప్పు, ఇందాక మింగింది తిండి కాదు. ఎవరైనా ఆ క్యాంటీనులోంచి ఉప్పు డబ్బా పట్టుకురండి. త్వరగా.’